గిట్ట నొప్పితో ఉన్న గుర్రానికి ఏ బూటు వేయాలి: ఒక పశువైద్యుడితో సంభాషణ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్ వైపు వెళ్తే మలక్‌పేట పందేల నుంచి విశ్రాంతి పొందిన థరోబ్రెడ్ జాతి గుర్రాలు, రాజస్థాన్ నుంచి తెచ్చిన మార్వాడీ జాతి గుర్రాలు, పెళ్లి ఊరేగింపులకు తిరిగే గుర్రాలు పక్కపక్క పాకల్లో కనిపిస్తాయి. వాటిలో ఏదైనా గిట్ట నొప్పితో కుంటడం మొదలుపెట్టగానే యజమాని ఫోనులో గిట్టకు తొడిగి తీసే బూట్ల బొమ్మలు వెతకడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ బూట్లను ఎలా ఎంచుకోవాలో వివరించడానికి చాలాకాలంగా గుర్రాలకు వైద్యం చేస్తున్న పశువైద్యులు ఒకరు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, సూటిగా అడుగుతాను. గిట్ట నొప్పికి ఏ బూటు మంచిది?

డాక్టర్: నమస్కారం అమ్మా. గిట్ట ఎందుకు నొప్పెడుతోందో ముందు తేలాలి. కారణం తేలకుండా కొన్న బూటు చాలాసార్లు దాణా గదిలో మూలన పడి ఉంటుంది. గిట్టలో చీము పట్టిన గుర్రం రాత్రికి రాత్రే ఒక కాలు నేలకు ఆనించలేని స్థితికి వస్తుంది. దానికి కావలసింది కట్టు తడవకుండా, పేడ అంటకుండా కాపాడే గట్టి బూటు మాత్రమే, అందులో ఖరీదైన జెల్ ప్యాడు వేయడం దండగ. మడమ వైపు, గిట్ట లోపల ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముక దగ్గర నొప్పి ఉన్న గుర్రం గిట్ట ముందంచును మొదట ఆనిస్తూ పొట్టి అడుగులు వేస్తుంది. దానికి మడమ కింద కాస్త ఎత్తు, ముందంచు దగ్గర అడుగు తేలికగా తిరిగే వంపు అవసరమవుతాయి. మన చుట్టూ ఉన్నది రాతినేల కాబట్టి, లాడాలు తీసేసిన థరోబ్రెడ్‌లలో గిట్ట అడుగు పలచబడి కమిలిపోవడం కూడా తరచుగా చూస్తాం. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది లామినైటిస్. బూటు విషయంలో అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించవలసింది కూడా దాని గురించే.

వ్యాఖ్యాత: లామినైటిస్‌లో గిట్ట లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పండి.

డాక్టర్: గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య లామినే అనే సన్నని మడతల పొరలు ఉంటాయి. ఎముకను గోడకు పట్టి ఉంచేవి అవే. 450 కిలోల గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద పడుతుంది; అంటే ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా ఒక్కో ముందు గిట్ట సుమారు 135 కిలోలు మోస్తుంది. ఆ పొరల పట్టు సడలినప్పుడు ఎముక మొన కిందికి తిరుగుతుంది, లేదా ఎముక మొత్తంగా కిందికి దిగుతుంది. అప్పుడు గుర్రం ముందు కాళ్లను చాచి, బరువును వెనక కాళ్ల మీదికి నెట్టుకుని నిలబడుతుంది, మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. మోకాలి కింద, గిట్టకు పై కీలు వెనక రెండు పక్కలా వేలు పెడితే నాడి గట్టిగా కొట్టుకోవడం తెలుస్తుంది. కారణాల్లో కడుపునొప్పి తరువాత రక్తంలో చేరే విషపదార్థాలు, ఈనిన తరువాత మాయ పడకపోవడం, ఒక్కసారిగా ఎక్కువ ధాన్యం తినడం ఉన్నాయి. అయితే ఎక్కువగా కనిపించేది ఒంట్లో ఇన్సులిన్ అదుపు తప్పడం వల్ల వచ్చే రకం. మెడ మీద కొవ్వు గట్టిపడిన గుర్రానికి సాయంత్రం పూట ప్రేమగా బెల్లం రొట్టె పెట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, కుంటుతూ పాకలో నిలబడిన గుర్రానికి పనిచేసే రోజుల్లో పెట్టిన దాణానే పెడుతూ ఉంటే ఏ బూటూ దాన్ని కాపాడలేదు.

వ్యాఖ్యాత: బూట్లు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి కదా. అవి చేతికి అందేదాకా ఏం చేయాలి?

డాక్టర్: డాక్టరును పిలిచి, గుర్రాన్ని ఉన్నచోటే ఉంచి, వ్యాధి మొదటి దశలోనే ఉందని తేలితే మొదటి రెండు మూడు రోజులు గిట్టలను, వాటి పై కీలు దాకా, మంచునీటిలో ఎడతెగకుండా ఉంచాలి. అడుగున ఆసరాకు గట్టి థర్మోకోల్ పనికొస్తుంది. టీవీ పెట్టెల్లో వచ్చే తెల్ల థర్మోకోల్ పూసలు పూసలుగా రాలిపోతుంది కాబట్టి, ఇళ్ల పైకప్పు కింద వేడి ఆపడానికి వాడే దట్టమైన పలకను తీసుకోవాలి. అది రెండు అంగుళాల మందం ఉంటే చాలు. గిట్ట ఆకారానికి కోసి అడుగున పెట్టి టేపుతో చుట్టేస్తే, గుర్రం బరువుకు అది గిట్ట అడుగు ఆకారంలోకి అణిగి, ఫ్రాగ్‌కూ మడమకూ ఆనుతుంది. ఫ్రాగ్ అంటే అడుగున మధ్యలో ఉండే త్రికోణపు మెత్తని భాగం. దాని మొనకు ముందున్న చోట మాత్రం ఒత్తిడి పడకూడదు, ఎందుకంటే లోపల ఎముక మొన దిగేది సరిగ్గా అక్కడికే. ఆ భాగం మీద థర్మోకోల్‌ను కోసి తీసేయాలి.

వ్యాఖ్యాత: బూటు లోపల వేసే ప్యాడుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందా?

డాక్టర్: సరిగ్గా ఇదే. నా దృష్టిలో వైద్యం చేసేది ప్యాడు, దాన్ని గిట్టకు పట్టి ఉంచేది బూటు. కొనేవారు మాత్రం బూటు రంగు, పట్టీలు, బ్రాండు గురించి గంటసేపు అడిగి, ప్యాడు గురించి ఒక్క మాటా అడగరు. ప్యాడు మెత్తదనం గుర్రం బరువుకు తగినట్టు ఉండాలి. బరువైన గుర్రానికి మరీ మెత్తని ప్యాడు వేస్తే అది రెండు రోజుల్లో అట్టలా అణిగిపోతుంది. తేలికైన గుర్రానికి మరీ గట్టిది వేస్తే అసలు అణగక, నొప్పి ఉన్నచోటే ఒత్తుతుంది. సాధారణంగా ఈవీఏ అనే నురగ లాంటి ప్లాస్టిక్‌తో చేసిన 12 మిల్లీమీటర్ల ప్యాడుతో మొదలుపెట్టవచ్చు. చెప్పుల తయారీకి వాడే ఈవీఏ షీటు మన ఊళ్లోనే దొరుకుతుంది, దాన్ని కోసి వేసుకున్నా పని జరుగుతుంది. వారానికి ఒకసారి ప్యాడును బయటికి తీసి స్కేలుతో మందం చూసి, సగానికి అణిగితే మార్చాలి.

వ్యాఖ్యాత: పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

డాక్టర్: గడియారం పెట్టుకుని చూడాలి. బూటు వేయకముందు ఐదు నిమిషాలు పక్కన నిలబడి, గుర్రం ఒక ముందు కాలి మీద నుంచి ఇంకో ముందు కాలి మీదికి బరువు ఎన్నిసార్లు మార్చిందో లెక్కపెట్టండి. వేసిన తరువాత మళ్లీ ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. సరైన ప్యాడు పడితే తేడా చాలాసార్లు అక్కడికక్కడే కనిపిస్తుంది, చాచిన ముందు కాళ్లు కూడా కొంచెం వెనక్కి వస్తాయి. స్వీడన్ పరిశోధకుడు నిల్స్ ఓబెల్ 1948లో లామినైటిస్ తీవ్రతను నాలుగు స్థాయులుగా విభజించినప్పుడు, మొదటి స్థాయికి ఇచ్చిన గుర్తుల్లో ఇలా కాళ్లు మార్చి మార్చి ఎత్తడం ఒకటి. ఆ విభజననే ఇప్పటికీ వాడుతున్నాం.

వ్యాఖ్యాత: కొలతల దగ్గరికి వద్దాం. సైజు తప్పిందన్న ఫిర్యాదు చాలామంది నోట వింటున్నాం.

డాక్టర్: కొలత ఎప్పుడు తీశారన్నది మొదటి ప్రశ్న. నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టే పనివాడు, వచ్చి గిట్టను చెక్కిన వెంటనే తీయాలి. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందువల్ల చెక్కి నెల దాటిన గిట్ట కొలతతో తెప్పించిన బూటు చెక్కిన మర్నాడు వదులైపోతుంది. కాలు ఎత్తి పట్టుకుని అడుగు వైపు నుంచి మిల్లీమీటర్లలో కొలవాలి. వెడల్పు అంటే అడ్డంగా ఎక్కువ విశాలంగా ఉన్న చోట ఈ అంచు నుంచి ఆ అంచు వరకు. పొడవు అంటే ముందంచు నుంచి మడమ గోడ నేలకు ఆనే చివరి బిందువు వరకు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ రెండో కొలతలో. మడమ వెనక ఉబ్బెత్తుగా ఉండే మెత్తని బుడిపెల దాకా టేపు లాగితే ఒక సైజు పెద్ద బూటు వస్తుంది. అది నడిచేటప్పుడు తిరిగి, ఆ బుడిపెలనే ఒరుసుకుని పుండు చేస్తుంది. రెండు ముందు గిట్టలనూ విడివిడిగా కొలవండి, అవి ఒకేలా ఉండడం అరుదు. వెడల్పు ఒక సైజులో, పొడవు ఇంకో సైజులో పడితే వెడల్పు సరిపోయే బూటును తీసుకుని, పొడవులో మిగిలిన ఖాళీని ప్యాడుతో సర్దుకోవడం నా అలవాటు.

వ్యాఖ్యాత: స్వారీకి వాడే బూట్లు ఇంట్లో ఉన్నవారు వాటినే వేయవచ్చా?

డాక్టర్: మిగతా గుర్రాలకు రాళ్ల నేల మీద నడవడానికి అవి బాగానే ఉంటాయి. నొప్పితో రోజంతా పాకలో నిలబడే గుర్రానికి మాత్రం బిగుతైన స్వారీ బూటు పనికిరాదు. దాన్ని తొడగడానికి కాలిని ఎక్కువసేపు ఎత్తి పట్టుకోవాలి, అది రెండో కాలికి శిక్ష అవుతుంది. చికిత్స బూటు వెడల్పుగా తెరుచుకోవాలి, లోపల మందపాటి ప్యాడుకు చోటుండాలి, అడుగు అంచులన్నీ ఏటవాలుగా ఉండాలి. ముందంచు దగ్గరి ఆ ఏటవాలు వల్ల అడుగు ఎత్తేటప్పుడు గిట్ట త్వరగా తిరుగుతుంది, సడలిన పొరల మీద లాగుడు తగ్గుతుంది. అమెరికా కంపెనీల్లో సాఫ్ట్‌రైడ్ జెల్ ప్యాడులతోనూ, ఈజీకేర్ వారి క్లౌడ్ మెత్తని ప్యాడుతోనూ ఈ పనికే వస్తాయి. కెనడా నుంచి వచ్చే కవాలో, ఆస్ట్రేలియా స్కూట్ బూట్‌లను ప్రధానంగా స్వారీకి, నడకకు కొంటారు. బ్రాండు గురించి నేను చెప్పగలిగింది ఇంతే. మీ గుర్రం గిట్ట గుండ్రంగా ఉందా, కోలగా ఉందా అన్నదాన్ని బట్టి ఒకరి గుర్రానికి అద్భుతంగా పట్టినది మీ గుర్రానికి పట్టకపోవచ్చు.

వ్యాఖ్యాత: ఒక కాలికే నొప్పి ఉంటే ఒకే బూటు చాలా?

డాక్టర్: చీము కోసం రెండు మూడు రోజులు కట్టు కట్టడమైతే చాలు. ఎక్కువ రోజులైతే రెండు కాళ్లకూ ఒకే ఎత్తు ఉండాలి. ఒక కాలు చెడినప్పుడు బరువంతా మోసే రెండో కాలికి లామినైటిస్ రావడం పందెపు గుర్రాల లోకంలో అందరికీ తెలిసిన ముప్పు. 2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బరో అనే గుర్రం, అదే ఏడాది మే 20న ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. విరిగిన ఎముక అతుక్కుంటున్న దశలో ఎడమ వెనక గిట్టకు లామినైటిస్ వచ్చింది, చివరికి 2007 జనవరి 29న ఆ గుర్రాన్ని కారుణ్యంతో చంపవలసి వచ్చింది. ఎన్ని వసతులున్నా ఆగని వ్యాధి అది, అందుకే బాగున్న కాలి గురించి మొదటి రోజు నుంచే ఆలోచించాలి.

వ్యాఖ్యాత: ఊరేగింపు గుర్రాలకు ఇనుప లాడాలు ఉంటాయి. వాటి మీదే బూటు వేయవచ్చా?

డాక్టర్: కొన్ని బూట్లు లాడం మీద కూడా పడతాయి, కానీ ఇనుము అంచుకే ఆనుతుంది కాబట్టి మధ్య భాగానికి ఆసరా అందదు, ప్యాడు కూడా త్వరగా చిరుగుతుంది. లాడం తీయించడమే మేలు. అయితే లామినైటిస్ ముదిరిన గిట్ట మీద సుత్తితో కొట్టి, పట్టకారుతో లాడాన్ని ఒక్కసారిగా పీకడం ఘోరం. మేకుల మడతలను ఆకురాయితో అరగదీసి, ఒక్కో మేకును విడిగా లాగాలి. అవసరమైతే ముందుగా కాలికి మత్తు ఇస్తాం.

వ్యాఖ్యాత: మన వానాకాలంలో రోజంతా బూటు ఉంచితే గిట్ట కుళ్ళదా?

డాక్టర్: కుళ్ళుతుంది. బూటులో నీరు నిలిస్తే గిట్ట నానిపోయి, ఫ్రాగ్ పక్క గాడుల్లో నల్లని, దుర్వాసన వేసే పదార్థం చేరుతుంది. ఎండాకాలంలో చెమట కూడా అంతే చేస్తుంది. రోజుకు కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు బూటు తీసి, గిట్టను కడిగి పూర్తిగా ఆరనిచ్చి, ఫంగస్‌ను అరికట్టే పొడి చల్లి మళ్లీ వేయాలి. తీసిన ప్రతిసారీ సయీస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, మడమ బుడిపెలను, గిట్ట పైన వెంట్రుకలు మొదలయ్యే గీతను చేత్తో తడిమి చూడాలి. వెంట్రుకలు రాలి చర్మం గులాబీ రంగుకు తిరిగితే ఒరుపు మొదలైనట్టే. అక్కడ చిన్నపిల్లల డైపరు గానీ పాత నూలు మేజోడు గానీ చుట్టి బూటు వేస్తే సరిపోతుంది.

వ్యాఖ్యాత: మరి బూటు ఎప్పుడు మానేయాలి?

డాక్టర్: గుర్రం హుషారుగా కనిపించిన రోజున కాదమ్మా. గిట్ట ముందు గోడ పై నుంచి కిందిదాకా పూర్తిగా కొత్తగా రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. నేను పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఎముక కింద అడుగు మందం చూస్తాను. 15 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే ధైర్యం, 10 లోపు ఉంటే బూటు కొనసాగాలి. ఆ తరువాత మొదట రాత్రిపూట మెత్తని ఇసుక పరుపు మీద మాత్రమే బూట్లు తీసి ఉంచమంటాను. పొద్దున్నే సయీస్ నాడి చూసి, అది గట్టిగా కొట్టుకుంటుంటే ఆ వారమంతా మళ్లీ వేయాలి. నాడి మామూలుగా ఉన్నచోట ప్యాడును పలచనిదానికి మార్చి, పగటిపూట కూడా గంటలు తగ్గిస్తూ పోవచ్చు. మళ్లీ లాడం కొట్టించాలా వద్దా అన్నది నాల్‌బంద్‌నూ పక్కన నిలబెట్టుకుని, ఆ ఎక్స్‌రే చూసి నిర్ణయిస్తాం.