టార్గెట్ పిస్టల్ గ్రిప్‌ను మన చేతికి తగ్గట్టు మలుచుకోవడం

[తెరపై: బల్ల మీద ఎయిర్ పిస్టల్. గాలి సిలిండర్ తీసి పక్కన పెట్టి ఉంది. బ్యారెల్‌లో ఖాళీగా ఉందని చూపే నారింజ రంగు సేఫ్టీ వైరు.]

నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నా. గ్రిప్, అంటే పిస్టల్ పిడి, చెక్కడానికి ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. లెక్కంటే వీడియో దాటేయొద్దు, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. పిస్టల్ మీద గురి చూడ్డానికి రెండు సైట్లుంటాయి: బ్యారెల్ చివర నిలబడిన చిన్న ముక్క ముందు సైట్, మన కంటి వైపు గాడి ఉన్నది వెనక సైట్. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం దాదాపు 32 సెంటీమీటర్లు అనుకుందాం. మీ చెయ్యి మొత్తంగా 3 మిల్లీమీటర్లు పక్కకు ఊగింది, కానీ రెండు సైట్లూ ఒకే వరసలో ఉన్నాయి. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) టార్గెట్ మీద కూడా 3 మిల్లీమీటర్లే పక్కకు పడుతుంది. అది ఇంకా పదే.

ఇప్పుడు చెయ్యి కదల్లేదు, మణికట్టు మాత్రం కాస్త తిరిగింది. వెనక గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగింది. ఆ ఒక్క మిల్లీమీటరు టార్గెట్ దగ్గరికి వెళ్లేసరికి 31 మిల్లీమీటర్లు అవుతుంది. పది రావాల్సిన చోట ఏడు.

[తెరపై: రెండు గీతల బొమ్మ. ఒకటి పక్కకు జరిగింది, రెండోది వంకరగా తిరిగింది.]

కొత్తవాళ్లంతా భయపడేది చెయ్యి ఊగడం గురించి. దెబ్బ కొట్టేది మాత్రం మణికట్టు తిరగడం. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ మణికట్టుకు ఏ సర్దుబాటూ అక్కర్లేకుండా సైట్లు వాటంతట అవే వరసలోకి రావాలి. గ్రిప్ ఉన్నది ఇందుకే. చేతికి మెత్తగా, హాయిగా తగలడం దాని ఉద్యోగం కాదు. అంగట్లో పట్టుకోగానే 'అబ్బ, ఎంత బాగుందో' అనిపించిన గ్రిప్ టార్గెట్ ముందు పనికిరాకుండా పోవచ్చు. మొదట్లో కాస్త ఇబ్బందిగా, చేతిని ఒకే చోట కూర్చోబెట్టి కదలనివ్వకుండా ఉన్న గ్రిప్పే మంచిది కావచ్చు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ ఇదే 10 మీటర్ల పోటీలో కాంస్యం గెలిచినప్పుడు టీవీలో ఆ చెక్క పిడిని అందరూ చూశారు. గుంతలూ గట్లూ ఉన్న ఆ వంకర ఆకారం అలంకారం కోసం కాదు. ప్రతి గుంతలో ఒక వేలు కూర్చుంటుంది, ప్రతి గట్టు ఒక వేలిని ఆపుతుంది.

ఇక పనిలోకి. పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి, సిలిండర్ విప్పండి, సేఫ్టీ వైరు పెట్టండి. చెక్కడం, రుద్దడం గ్రిప్‌ను పిస్టల్ నుంచి విప్పాకే. చాలా మోడళ్లలో కింద ఒక్క బోల్టు విప్పితే వచ్చేస్తుంది. చెక్కపొడి ట్రిగ్గర్ లోపలికి పోతే ఆ రిపేరు ఖర్చుకు ఇంకో గ్రిప్ కొనుక్కోవచ్చు.

[తెరపై: కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తుతున్న షూటర్, పక్క నుంచి.]

మొదటి పరీక్షకు ఉలీ వద్దు, ఆకురాయీ వద్దు. టార్గెట్ తీసేసి తెల్లగోడ ముందు నిలబడండి. పిస్టల్ మామూలుగా పట్టుకోండి. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి, ఒక శ్వాస తీసి వదలండి, కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక గాడిలో ఎక్కడుంది? కుడికా, ఎడమకా, పైకా, కిందికా? దాన్ని సరిచేయొద్దు. కాగితం మీద రాసుకుని, చెయ్యి దించి, మళ్లీ ఎత్తండి. ప్రతిసారీ ఒకే వైపుకు పోతోందంటే అది గ్రిప్ చెప్తున్న మాట. ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతోందంటే మీరు పట్టుకునే తీరే ప్రతిసారీ మారుతోంది. అప్పుడు చెక్కడం ఆపి పట్టు సాధన చేయండి.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. టార్గెట్ మళ్లీ పెట్టి చూస్తే రెండు సైట్లూ చక్కగా వరసలోనే ఉన్నాయి, కానీ మొత్తం పిస్టల్ టార్గెట్‌కు ఎడమగా చూస్తోంది. ఇది గ్రిప్ సమస్య కాదు, పాదాల సమస్య. వెనక కాలు కాస్త జరపండి, సరిపోతుంది. సైట్‌కూ సైట్‌కూ మధ్య తేడా ఉంటే గ్రిప్, సైట్లకూ టార్గెట్‌కూ మధ్య తేడా ఉంటే పాదాలు. ఈ రెండూ కలిపేసుకుని మంచి గ్రిప్‌ను చెక్కి చెక్కి పుల్ల చేసినవాళ్లున్నారు.

సరే, కుడిచేతి షూటర్ అనుకుందాం. ముందు సైట్ ప్రతిసారీ గాడిలో కుడి వైపుకు పోతోంది. అంటే పిస్టల్ మూతి (బ్యారెల్ ముందు కొస) కుడికి చూస్తోంది, దాన్ని ఎడమకు తిప్పాలి. గ్రిప్ కుడి పక్కన, వేళ్ల మొదళ్లు తగిలే ముందు భాగంలో కాస్త ఎత్తు పెంచితే గ్రిప్ ముందు భాగం ఎడమకు నెట్టుకుపోతుంది. లేదా ఎడమ పక్కన వెనక, బొటనవేలి కింది కండ తగిలే చోట పెంచినా అదే ఫలితం. సైట్ ఎడమకు పోతుంటే ఆ చోట్లలోనే తగ్గించాలి.

పైకీ కిందికీ కూడా ఇంతే. సైట్ కిందికి దిగుతుంటే గ్రిప్ వెనక వైపు అడుగు భాగంలో పెంచండి, మూతి లేస్తుంది. పైకి పోతుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఆనే చోట, అంటే వెనక పై భాగంలో పెంచండి, మూతి దిగుతుంది. ఖరీదైన పిస్టళ్లలో గ్రిప్ వంపును స్క్రూలతోనే మార్చుకోవచ్చు. ఆ వీలుంటే ముందు స్క్రూ తిప్పి చూడండి, చెక్కను తర్వాత ముట్టుకోండి.

పెంచడానికి కూడా తొందరపడి పుట్టీ పెట్టేయొద్దు. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే కొంచెం అద్ది, దాని మీద టేపు చుట్టి, కళ్లు మూసుకునే పరీక్ష మళ్లీ చేయండి. ఎక్కడ, ఎంత అన్నది తేలాక పుట్టీ.

[తెరపై: తెల్ల టేపు చుట్టిన గ్రిప్, దాని మీద నల్ల మచ్చలు.]

తగ్గించాల్సిన చోటు కనుక్కోవడానికి కాటుక చాలు. గ్రిప్ చుట్టూ తెల్ల మాస్కింగ్ టేపు అంటించండి. అరచేతికి పల్చగా కాటుక రాసుకుని, పిస్టల్ పట్టుకుని, చెయ్యి పూర్తిగా చాపి అలాగే కాసేపు ఉండండి. దించి చూస్తే గట్టిగా ఒత్తుకుంటున్న చోట చిక్కటి మచ్చ, తగలని చోట తెల్లటి ఖాళీ. చిక్కటి మచ్చ ఉన్న చోట ఉప్పు కాగితం, ఖాళీ ఉన్న చోట పుట్టీ. మచ్చలు ఎక్కువగా ముందూ వెనకా ఉండాలి. పట్టు బలం మధ్యవేలు, ఉంగరపు వేలు నుంచి నేరుగా వెనక్కి రావాలి. పక్కల నుంచి పిండేస్తుంటే ట్రిగ్గర్ లాగేటప్పుడు మూతి పక్కకు గుంజుకుపోతుంది.

పుట్టీ అంటే ఇక్కడ ఎం-సీల్. కుళాయి కారితే పెట్టేది అదే. రెండు ముద్దలు సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేదాకా పిసకండి. చెక్క నున్నగా ఉంటే అది పట్టదు, ముందు గరుకు కాగితంతో గీకండి. గట్టిపడక ముందు చర్మానికి మంచిది కాదు, అందుకే పల్చటి గ్లవ్ వేసుకుని, గ్లవ్‌ను కొంచెం తడిపి పట్టుకోండి.

ఇది మాత్రం మర్చిపోవద్దు: కుర్చీలో కూర్చుని, మోచెయ్యి వంచి, బల్ల దగ్గర ఆకారం తీయకూడదు. చెయ్యి చాపినప్పుడు అరచేతి కండ, మణికట్టు కోణం వేరుగా ఉంటాయి. టార్గెట్ ముందు నిలబడినట్టే నిలబడి, చెయ్యి చాపి, సైట్లు చూస్తూ ఒత్తండి. చెయ్యి నొప్పి పుడితే ఎవరినైనా బ్యారెల్ కింద చెయ్యి ఆనించమనండి. ఆ తర్వాత తీసి ఒక రోజంతా వదిలేయండి. గట్టిపడిన పుట్టీని రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి, తడి కాగితంతో రుద్దితే పొడి లేవదు.

చూపుడువేలు గ్రిప్‌కు ఎక్కడా తగలకూడదు. ట్రిగ్గర్‌ను తాకేది వేలి మొదటి కణుపు మెత్త భాగం ఒక్కటే. వేలికీ చెక్కకూ మధ్య వెలుతురు కనిపించాలి. వేలు చెక్కకు రాసుకుంటుంటే ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ పిస్టల్‌ను కూడా నెడుతున్నట్టే.

అరచేతి అడుగున ఉండే పలకను షూటర్లు పామ్ షెల్ఫ్ అంటారు. చెయ్యి జారకుండా బిగుతుగా ఉంటే మంచిదని దాన్ని పైకి బిగించేస్తారు. కానీ పోటీ ఎంతసేపు? 15 నిమిషాల సైటింగ్ (లెక్కలోకి రాని సన్నాహక షాట్లు), ఆ తర్వాత 60 షాట్లకు 75 నిమిషాలు. అంతసేపట్లో చెయ్యి కాస్త ఉబ్బుతుంది. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో రేంజికి వచ్చి పట్టుకుంటే ఇంకా ఉబ్బుతుంది. మొదటి షాట్‌కు సరిగ్గా ఉన్న పలక నలభయ్యో షాట్‌కు నరాల మీద ఒత్తి వేళ్లు వణికిస్తుంది. అందుకే ఉదయం చల్లగా ఉన్నప్పుడు కాక, కాసేపు షూట్ చేసి చెయ్యి వెచ్చబడ్డాక దాని ఎత్తు తేల్చండి. చెయ్యి దాని మీద ఆనాలి, దాని కింద నలగకూడదు.

ఇక చెక్క. 'అన్నా, బ్లాక్ నుంచి మొత్తం చెక్కుకోవచ్చా?' అంటారు. చెక్కుకోవచ్చు, కానీ మొదటిసారి వద్దంటాను. బయటి ఆకారం కష్టం కాదు, పిస్టల్ ఫ్రేము కూర్చునే లోపలి గుంత కష్టం. అక్కడ వెంట్రుకంత ఆట ఉన్నా పైన ఎంత చెక్కినా వృథా. కంపెనీ గ్రిప్ మీకు కాస్త వదులుగా ఉన్న సైజుది తీసుకుని దాన్నే మలుచుకోవడం తెలివైన పని. త్రీడీ ప్రింటింగ్ కూడా ఉంది, లోపలి కొలతలు పక్కాగా దొరికితే బాగానే వస్తుంది.

బ్లాకే కావాలంటే అక్రోట్ కర్ర వాడతారు. బాగా ఆరిన టేకు, రోజ్‌వుడ్ కూడా పర్లేదు. కడపలో ఉండి ఎర్రచందనం అడక్కుండా ఎవరూ ఉండరు. చట్టం సంగతి అందరికీ తెలుసు, ఇంకా చెప్పాలంటే అది నీళ్లలో మునిగేంత బరువు. పిస్టల్ మొత్తం బరువుకు 1500 గ్రాముల పరిమితి ఉంది. కేసుకు కేసు, బరువుకు బరువు.

[తెరపై: వడ్రంగి బల్ల, ఆకురాళ్లు, రకరకాల ఉప్పు కాగితాలు.]

ఆకురాయి అలవాటు లేకపోతే తెలిసిన వడ్రంగి దగ్గరికి వెళ్లండి. మా పెద్ద వడ్రంగిని 'మామా, ఈడ కొంచెం తగ్గించియ్యి' అంటే, 'ఎంత తియ్యాల్నో గీత గియ్యి అబ్బీ, గీత లేకుండా ఆకురాయి పట్టనంటే పట్టను' అన్నాడు. కాటుక మచ్చల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఇవ్వండి. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 220కి వచ్చి ఆపేయండి. అంతకంటే నున్నగా చేస్తే చెమటకు జారుతుంది. వార్నిష్ కూడా అందుకే వద్దు.

పల్చగా అవిసె నూనె రెండు మూడు పూతలు చాలు, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనివ్వండి. నూనె తుడిచిన గుడ్డను ముద్దగా చుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్ద చేసిన గుడ్డ దానంతట అదే అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. దాన్ని పరిచి ఆరబెట్టండి. వేళ్లు చుట్టుకునే ముందు భాగంలో సన్నటి మొన ఉలితో చుక్కలు చుక్కలుగా గరుకు చేస్తే చెమట పట్టినా పట్టు నిలుస్తుంది. బొటనవేలి సందు దగ్గర మాత్రం గరుకు చేయొద్దు, బొబ్బలొస్తాయి.

ఎడమచేతి వాళ్లు కుడిచేతి గ్రిప్‌ను చెక్కి సర్దుకుందామని చూడొద్దు. గుంతలన్నీ తిరగబడి ఉంటాయి, ఎడమచేతిది విడిగా కొనాల్సిందే. ఎడమచేత్తో గెలవలేమని మాత్రం అనుకోవద్దు. హంగరీ షూటర్ కారోలీ టకాచ్‌కు 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పాడైంది. ఎడమచేత్తో నేర్చుకుని 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో ర్యాపిడ్ ఫైర్ (వెంటవెంటనే కాల్చే) పిస్టల్ పోటీలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు.

చివరగా నియమాలు, ఎందుకంటే పోటీలో మీ గ్రిప్‌ను తనిఖీ బల్ల మీద కొలుస్తారు. పిస్టల్ మొత్తం 420 పొడవు, 200 ఎత్తు, 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. ఆ 50 దగ్గరే చాలామంది చిక్కుకుంటారు, పుట్టీ పక్కలకు దిట్టంగా పెట్టేస్తారు కాబట్టి. గ్రిప్‌లో ఏ భాగమూ చేతిని దాటి మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు, మణికట్టు స్పష్టంగా బయటికి కనిపించాలి. పామ్ షెల్ఫ్ గ్రిప్‌కు 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో ఉండకూడదు, దాని అంచు చేతిని పట్టేసేలా పైకి వంగకూడదు. బొటనవేలు పైకి స్వేచ్ఛగా లేవాలి.

షూటింగ్ చేతికి వాచీ, కడియం లాంటివి కూడా ఒప్పుకోరు. దేవుని కడపలో కట్టించుకున్న కంకణమైనా, పెద్ద దర్గాలో కట్టించుకున్న తాడైనా రెండో చేతికి మార్చుకుని వెళ్లండి, బల్ల దగ్గర జడ్జితో వాదన ఎందుకు. ఇంట్లోనే గట్టి అట్టతో 50 మిల్లీమీటర్ల సందు కత్తిరించుకుని పిస్టల్‌ను అందులోంచి పోనిచ్చి చూడండి. ఎక్కడైనా రాసుకుంటే అక్కడ గీత గీసి, గ్రిప్ విప్పి, మళ్లీ 120 నంబరు కాగితం.