అరమండిలో ఏ ఎముక తిరగాలి? నాట్యం నేర్చుకునే పిల్లల కాళ్ళ గురించి

[తెర మీద: నడుము నుంచి కింది వరకు అస్థిపంజరం]

నమస్కారం. వెంపటి చినసత్యం గారు 1963లో ఈ చెన్నై నగరంలో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన నాటి నుంచి ఇక్కడ ఎంతోమంది తెలుగు పిల్లలు కాళ్ళకు గజ్జె కట్టారు. ఆ గజ్జెల బరువునూ, నేలను తన్నే ప్రతి అడుగునూ మోసే ఎముకల గురించి వాళ్ళకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ తెలియాలని ఈ వీడియో చేస్తున్నాము.

తుంటితో మొదలుపెడదాం. శరీరంలోకెల్లా పొడవైన తొడ ఎముక మనిషి ఎత్తులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. దాని పైకొన గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గుంటలో అమరి, అన్ని వైపులకూ తిరుగుతుంది. మోకాళ్ళను పక్కలకు వంచి సగం కూర్చున్నట్లు నిలబడే అరమండిలో కాళ్ళు బయటికి తిరగవలసింది ఇక్కడే. మోకాలు ప్రధానంగా ముడవడానికీ చాపడానికీ ఏర్పడిన కీలు కాబట్టి, తుంటి తిరగనంత మేర పాదాలను బలవంతంగా పక్కలకు తిప్పితే, ఆ మెలి అంతా మోకాలి ఎముకలను కలిపి ఉంచే పట్టీల (లిగమెంట్ల) మీద పడుతుంది, అరికాలి లోపలి వంపు నేలకు కుంగిపోతుంది. మోకాలి చిప్ప, కాలి రెండో వేలు ఒకే దిక్కుకు చూస్తున్నాయో లేదో అద్దంలో గమనించండి. తొడ ఎముక మెడ, అంటే గుండ్రటి పైకొనకు కిందనున్న సన్నని భాగం, తిరిగి ఉండే తీరు బిడ్డ బిడ్డకూ మారుతుంది కనుక, అందరికీ ఒకే అరమండి రావాలని పట్టుబట్టడం నా దృష్టిలో అన్యాయం.

[దగ్గరి దృశ్యం: మోకాలి కింద]

మోకాలి చిప్ప తొడ కండరపు స్నాయువులో, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగంలో, పొదిగిన ఎముక. స్నాయువును కీలుకు దూరంగా నిలిపి, కాలు చాపే బలాన్ని పెంచుతుంది. దాని కింద రెండు ఎముకలున్నాయి. ముంగాలి మీద వేలితో రాస్తే చర్మం కిందే గట్టిగా తగిలేది టిబియా. ఒంటి బరువులో అత్యధిక భాగం దానిదే. పక్కనున్న సన్నని ఫిబులా మోసే బరువు స్వల్పమే అయినా, బొటనవేలిని కిందికి వంచే పొడవాటి కండరం పుట్టేది దాని వెనుక భాగంలోనే. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే తరంగంలో ఆ అంచును బొటనవేలు బిగించి పట్టుకుంటున్నప్పుడు, ఆ పట్టు పిక్క లోపలి నుంచి వస్తున్నదన్నమాట.

[దగ్గరి దృశ్యం: పాదం, లోపలి వైపు నుంచి]

ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి: చీలమండ, మడమ ప్రాంతంలో 7, వాటి ముందు పొడవాటివి 5, వేళ్ళలో 14. వీటిలో టేలస్ అనే ఎముకకు ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. పై నుంచి దిగే బరువును అందుకుని మడమకూ ముందు పాదానికీ పంచడమే దాని పని.

ఇప్పుడు మీరు నిలబడి, ఎవరినైనా మీ బొటనవేలిని పైకి లేపమనండి. అరికాలి వంపు దానంతటదే పైకి లేస్తుంది. మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా సాగే గట్టి పట్టీ, వేళ్ళు పైకి వంగినప్పుడు ముందు ఎముకల చుట్టూ చుట్టుకుని బిగుసుకోవడమే దీనికి కారణమని 1954లో జె. హెచ్. హిక్స్ వివరించారు. అడుగు నేలకు ఆనినప్పుడు మెత్తగా సర్దుకునే పాదం, మడమ లేచేసరికి బిర్రబిగిసి ఒంటిని ముందుకు నెట్టగలగడానికి ఈ ఏర్పాటు ఎంతో తోడ్పడుతుంది.

ఇక నొప్పి సంగతి. అపార్టుమెంట్లలోని గ్రానైట్ నేల మీద గంటల తరబడి సాధన చేసే పిల్లలు ముంగాలి నొప్పి అంటే కొట్టిపారేయకండి. నొప్పి ఎముక పొడుగునా పరచుకున్నట్లు కాకుండా, ఒక్క వేలితో చూపించగలిగేంత చిన్న చోట ఉండి, విశ్రాంతిలోనూ వదలకపోతే, అది ఎముకలో సన్నని బీట కావచ్చు. సాధన ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి. తొలి వారాల్లో ఎక్స్‌రేలో ఆ బీట కనబడకపోవచ్చు కనుక, ఎక్స్‌రే బాగానే ఉందన్న ఒక్క కారణంతో పిల్లలను మళ్ళీ తరగతికి పంపకండి.