కాంక్రీటుని వెలిగించే రెక్క: కింబెల్ మ్యూజియం కప్పు

[దృశ్యం: గ్యాలరీ లోపల. బూడిదరంగు కమాను కప్పు వెండిలా మెరుస్తోంది]

వాయిస్: ఇది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఫోర్ట్ వర్త్‌లో 1972లో తెరిచిన కింబెల్ ఆర్ట్ మ్యూజియం. ఆర్కిటెక్టు లూయీ కాన్. ఎండ నేరుగా తగిలితే బొమ్మల రంగులు వెలిసిపోతాయి. అది తెలిసీ ఆయన కప్పుని నడినెత్తిన చీల్చారు.

[దృశ్యం: కప్పు అడ్డకోత]

ఒక్కో కమాను 100 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పు. నడుమ, ఈ కొస నుంచి ఆ కొసదాకా రెండున్నర అడుగుల చీలిక. మామూలు కమానుకి నడినెత్తి రాయి తీస్తే కూలిపోతుంది. ఇది నిలబడింది, ఎందుకంటే నిజానికి ఇది కమాను ఆకారంలో పోసిన దూలం. బరువు మోసేది మూలల్లోని నాలుగు స్తంభాలే. కాంక్రీటులో బిగలాగిన ఉక్కు కేబుళ్లు వంగకుండా పట్టి ఉంచుతాయి. ఈ లెక్క తేల్చిన ఇంజనీరు ఆగస్ట్ కొమెండాంట్.

[దృశ్యం: చీలిక కింద వేలాడే రేకు, దగ్గరగా]

అసలు పనితనం ఈ అల్యూమినియం రెక్కలో ఉంది. లైటింగ్ డిజైనర్ రిచర్డ్ కెల్లీతో కలిసి కాన్ దీన్ని తయారుచేశారు. పైనుంచి దిగిన ఎండ రేకుకి తగిలి మళ్లీ పైకే తిరుగుతుంది, కాంక్రీటు వంపు మీద పరుచుకుంటుంది. బొమ్మలకి చేరేది ఆ వంపు మీంచి దిగే మెత్తటి వెలుతురు. రేకు మొత్తం మూసేసి ఉంటే, వెలిగే కప్పు కింద నల్లటి పట్టీలా కనిపించేది. అందుకే సన్నని చిల్లులు. బొమ్మలున్న గదుల్లో మాత్రం చీలికకి సరిగ్గా కిందున్న భాగంలో చిల్లులు పెట్టలేదు.

[దృశ్యం: బల్ల మీద అట్ట మోడల్]

20 రెట్లు చిన్నదిగా మీరే చేసి చూడండి. ఈ వంపు పేరు సైక్లాయిడ్. 11 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి మూత అంచున పెన్సిలు ఆనించి, స్కేలు వెంట జారకుండా ఒక్క చుట్టు దొర్లించండి. 35 సెంటీమీటర్ల వెడల్పుతో వంపు గీసుకుంటుంది. చీలిక 3.8 సెంటీమీటర్లు. లోపల బూడిదరంగు కాగితమే అంటించండి, తెల్లదైతే ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు చూపిస్తుంది. అతుకులకి నల్ల టేపు వేయకపోతే సందుల్లోంచి ఎండ కారి మొత్తం చెడగొడుతుంది. రేకుకి వంటింటి ఫాయిల్ వద్దు. ముడతలు పడి కప్పు మీద చారలు వస్తాయి. ఫోనుతో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేదంటే చీకటి గదినీ ఫోనే వెలిగించి చూపిస్తుంది.

హైదరాబాదులో ఇలాంటిది కడితే కొలతలు మారాలి. ఫోర్ట్ వర్త్‌లో సూర్యుడు ఎప్పుడూ సరిగ్గా నడినెత్తికి రాడు. ఇక్కడ మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తాడు, ఎండ చీలికలోంచి నిలువునా దిగుతుంది. కాబట్టి గదిలో బొమ్మలు లేకపోయినా రెక్క నడుమ చిల్లులు వద్దు. చీలికనీ బాగా సన్నం చేయాలి, వెలుతురుతో పాటు వేడీ దిగుతుంది మరి.