మళ్ళీ పలక పట్టిన వయసు

(హైదరాబాద్‌లో ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఆదివారం సెలవును కూడా వదులుకుని వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ఉపాధ్యాయులు వృత్తిలోనూ వ్యక్తులుగానూ ఎందుకు ఎదుగుతూ ఉండాలన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, పాతబస్తీ బడిలో యాభై రెండేళ్ళ వయసులో నేను ఉర్దూ అక్షరాలు దిద్దిన రోజులు గుర్తుకు వచ్చాయి. అప్పటికి నేను తెలుగు బోధిస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. నా తరగతిలో సగానికి పైగా ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలే. వారు ఒత్తులు తప్పు రాస్తే, దీర్ఘం మరిచిపోతే, అది శ్రద్ధ లేకపోవడమేనని చాలా ఏళ్ళు నమ్మాను. వారి ఇంటి భాష నేర్చుకుందామని అలిఫ్, బే, పే మొదలుపెట్టాక ఆ నమ్మకం నెల రోజులు కూడా నిలవలేదు. ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపంలో, మధ్యలో మరో రూపంలో, చివర ఇంకో రూపంలో కనిపిస్తుంది. జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నా పలికే ధ్వని ఒక్కటే. ఏ మాటకు ఏది రాయాలో కంఠస్థం చేయవలసిందే. చుక్క ఒకటి తప్పితే అక్షరమే మారిపోతుంది. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి మధ్యాహ్న భోజనం తర్వాత నా నోటుబుక్కు దిద్దేది. ఒకే తప్పు మూడోసారి చేసినప్పుడు నా చెవులు వేడెక్కాయి, పుస్తకం మూసెయ్యాలనిపించింది. తప్పు రాసిన పిల్లవాడు తల వంచుకుని ఎందుకు నోరు విప్పడో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. బీఎడ్‌లో విద్యా మనోవిజ్ఞానం చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను గానీ, ఆ చదువు అప్పటిదాకా నాకు ఒంటపట్టలేదు.

ఒకే పాఠాన్ని ఏళ్ళ తరబడి చెప్పేవారికి తెలియకుండానే ఒక నష్టం జరుగుతుంది. పాఠం ఎంత బాగా వస్తే, అది రానివారి ఇబ్బంది అంత దూరమవుతుంది. విషయ పరిజ్ఞానం పెంచుకోవాలని అందరూ చెబుతారు, అది నిజమే. 2006లో ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసివేశారు, మన రాష్ట్రంలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి, పాత పాఠం పాతగానే చెబితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. అయితే ఆ మార్పులను కొత్త పుస్తకం చూసి దిద్దుకోవచ్చు. నేర్చుకునేవాడి అవస్థ మాత్రం, మనం మళ్ళీ నేర్చుకునేవాళ్ళమైతే తప్ప గుర్తుకు రాదు.

గిడుగు వెంకట రామమూర్తి గారిని మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి తలచుకుంటాం. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలచుకుంటాం గానీ, ఆయన బడిపంతులన్న సంగతిని వెనక్కి నెట్టేస్తాం. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరినప్పుడు ఆయన చదువు మెట్రిక్యులేషన్ వరకే. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు. ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకుని ముఖలింగం ఆలయ శాసనాలు చదివారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకున్నారు. సవర పిల్లల కోసం ఆ భాషలో వాచకాలు తయారు చేశారు, బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయ్యేనాటికి వయసు అరవై ఏడు దాటింది. ఇందులో ఏదీ పైఅధికారి ఆదేశం మీద మొదలుపెట్టినది కాదు. బడిలో పిల్లలకు అర్థమయ్యే తెలుగే ఉండాలని ఆయన అంతగా పట్టుబట్టడానికి, మరో భాష ముందు తానే పిల్లవాడిగా కూర్చున్న ఆ అనుభవం కూడా కారణమని నేను అనుకుంటాను.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు తన వృత్తి వికాసానికి కేటాయించాలని చెప్పింది. లెక్కవేస్తే వారానికి గంట కూడా కాదు. అది ఉపాధ్యాయుల సొంత ఆసక్తిని బట్టి సాగాలని కూడా అదే విధానంలో ఉంది. ఆచరణలో గంటల లెక్క ఒక్కటే మిగులుతోంది, ఆసక్తి జారిపోతోంది. హాజరు వేయించుకుని, వీడియో చివరిదాకా నడిపించి, ధ్రువపత్రం దింపుకుంటే గంటలు నిండుతాయి, తరగతి గదిలో ఏమీ మారదు. మిత్రులారా, తప్పంతా మనదేనని నేను అనను. సర్వేలు, ఎన్నికల విధులు, ఆన్‌లైన్ నమోదులు పోగా, సాయంత్రం ఇంటికి వెళ్ళి నేరుగా వంటగదిలో అడుగుపెట్టే ఉపాధ్యాయినిని ‘మీరు ఎదగండి’ అని అడగడం అన్యాయం. నేర్చుకునే సమయం బడి వేళల్లోనే దొరకాలి. ఆ మాట మనం గట్టిగా అడగాలి.

2022-23లో మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆంగ్ల మాధ్యమం వచ్చినప్పుడు, పాతికేళ్ళు తెలుగులో సైన్సు చెప్పిన ఒక సహోద్యోగి ఎంతో భయపడ్డారు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా ఉన్న ఆ పాఠ్యపుస్తకాన్నే పట్టుకుని, ‘ఈ మాట నాకూ కొత్తే, కలిసి పలుకుదాం’ అని పిల్లలతో అనేవారు. ఆ మాట అనగలగడానికి భాష కన్నా ముందు మనసు ఎదగాలి. కోపం విషయంలోనూ అంతే. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నా తొలి ఏళ్ళలో నేనూ బెత్తం పట్టాను. మరో ఉపాయం తెలియని రోజుల్లోనే పట్టానని ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పిల్లల్లో కొందరి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

నాది ఒకే విన్నపం. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే నెలనెలా కాంప్లెక్స్ సమావేశాల్లో మొదటి అరగంట, ఇద్దరు ఉపాధ్యాయులు తాము ప్రస్తుతం నేర్చుకుంటున్న ఒక్క విషయం గురించి, ఎక్కడ తడబడుతున్నారో సహా చెప్పాలి. అది ఈత కావచ్చు, వీణ కావచ్చు, కంప్యూటరులో లెక్కలు వేయడం కావచ్చు. పదవీ విరమణ తర్వాత నేను నగర శివారులోని ఇటుక బట్టీల దగ్గర పిల్లలకు చదువు చెబుతున్నాను. వారిలో చాలామంది ఒడిశా నుంచి వచ్చినవారు. అందుకే గత జూన్‌లో ఒడియా అక్షరాలు మొదలుపెట్టాను. తలల మీద గుండ్రటి గీతతో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నాను. మీలో ఎవరికైనా ఒడియా వస్తే, దయచేసి భోజన విరామంలో నన్ను కలవండి. నోటుబుక్కు వెంట తెచ్చుకున్నాను.