గేజీ రాయి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్ళకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ గుంటూరు ఉక్కపోతలో తీసి పక్కన పెడితే ఏమనుకోకండి.

‘కృష్ణమ్మ నిండింది’ అన్న అంశం మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నిండింది. విజయవాడ వెళ్ళి చూసే వచ్చాను. ఎండాకాలం పిల్లలు క్రికెట్ ఆడిన ఇసుక తిన్నెల మీద ఇప్పుడు నీళ్ళు.

పేపర్లో ‘బ్యారేజీ వద్ద 12 అడుగులు’ అని చూడగానే మనకు కడుపు నిండిపోతుంది. ఆ 12 అడుగులంటే ఎంతండీ? దాదాపు 3 టీఎంసీలు, అంటే 300 కోట్ల ఘనపుటడుగులు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు, వచ్చింది కదా, ఆ ఉరవడికి అంత నిండటానికి ముప్పావుగంట చాలు. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ నీళ్ళు దాచడానికి కాదు, మట్టం లేపి కాలువల్లోకి మళ్ళించడానికి. దాచుకునేది పైన, సాగర్‌లో. అక్కడ నిండు మట్టం 590 అడుగులు వచ్చిందా అని అడగాలి మనం.

సరే, నా గొడవ అది కాదు. మాది కాలువ శివారు. తూము పక్కన నీటి మట్టం చూసే గేజీ రాయి ఉంది, అంకెలు చెరిగిపోయాయి. ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ‘ఎస్టిమేట్ పంపాం’ అన్నారు. నాలుగు అంకెలకు ఎస్టిమేటు! తలుపులకు వేయగా మిగిలిన నీలం పెయింటుతో నేనే రాశాను. ‘జీతం ఎంతిస్తారట?’ అంది మా ఆవిడ.

కాలువకు వదిలిన ఏడో రోజు, రాత్రి రెండింటికి మా దాకా వచ్చాయండీ. ముందు వచ్చేవి నీళ్ళలా ఉండవు. ఎండుటాకులు, నురగ, ఒంటి ప్లాస్టిక్ చెప్పు, వెనకాల గుర్రపుడెక్క. కాలువలో నెర్రెలు బుడబుడమంటూ వచ్చింది వచ్చినట్టే తాగేశాయి. టార్చి వేసి రాయి వంక చూస్తూ కూర్చున్నాను. తెల్లారినా నేను రాసిన ఒకటో అంకె తడవలేదు. ఆ పొద్దున పేపర్లో మళ్ళీ 12 అడుగులు!

చప్పట్లు తర్వాత కొడుదురుగాని. ఇక్కడ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఒక్కరూ లేరా? పోనీ, విలేకరులున్నారుగా. బ్యారేజీ అంకె పక్కనే శివారు తూము అంకె కూడా వేయండి బాబూ. రోజూ వేయండి.

చీటీ పంపారు, టైమైందట. పెయింటు ఇంకా సగం డబ్బా ఉంది. మీ ఊరి రాయి చెరిగిపోతే చెప్పండి, వచ్చి రాస్తాను. బ్రష్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.