చెత్త బండి వచ్చేలోపు

శ్రోతలందరికీ నమస్కారం.

ఏ కాలనీ సంక్షేమ సంఘం మీటింగుకు వెళ్లినా చెత్త మాట రాకుండా ఉండదు. బండి రెండు రోజులుగా రాలేదని ఒకరు అంటారు. మలుపులో ఉన్న ఖాళీ ప్లాటు నిండిపోయిందని ఇంకొకరు, కుక్కలు కవర్లు లాగి రోడ్డంతా పరుస్తున్నాయని మరొకరు. చివరికి అందరూ కలిసి మున్సిపల్ ఆఫీసుకు ఒక అర్జీ రాస్తారు. రాయాల్సిందే. బండి పంపడం, రోడ్లు ఊడ్పించడం, ఊరి చెత్తను సరైన పద్ధతిలో శుద్ధి చేయడం మున్సిపాలిటీ బాధ్యత. అందుకే పన్నులు కడుతున్నాం. అయితే బండి వచ్చేలోపు, మన వంటింటి నుంచి గేటు దాకా జరగాల్సిన పని ఒకటి ఉంది. ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినా దాన్ని మున్సిపాలిటీ చేయలేదు. ఆ పని చేయించగలిగింది ఆ వీధిలో ఉండేవాళ్ల సంఘమే. ఇవాళ దాని గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. విని విని ఉన్న మాటే. కానీ ఎందుకు వేరు చేయాలో నిదానంగా ఆలోచించేది తక్కువ. ఇంట్లో ఒక అట్టపెట్టె ఉందనుకోండి. విడిగా పెడితే పాత సామాన్లు కొనేవాళ్లు తూకం వేసి డబ్బులిచ్చి తీసుకెళ్తారు. దాని మీద రాత్రి మిగిలిన పప్పుచారు ఒలికితే ఇక ఎవరూ ముట్టుకోరు. ఆ పప్పుచారు గతీ అంతే. బీరకాయ తొక్కలతో పాటు మట్టిలో కలిసి ఎరువు కావలసింది, మూతి ముడేసిన ప్లాస్టిక్ కవర్లో గాలి ఆడక కుళ్లిపోతుంది. అదే కవర్లో వాడేసిన బ్లేడో పగిలిన గాజు గ్లాసో ఉంటే, తర్వాత దాన్ని చేత్తో విప్పే మనిషి వేలు తెగుతుంది. విడివిడిగా ఉన్నంతసేపూ పనికొచ్చేవే, కలిపాకే అది చెత్త అవుతోంది. కలిపేది మన ఇంట్లో, మన చేత్తో.

అలా కలిపింది ఎక్కడికి పోతుంది? హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్‌కు పోయింది, అక్కడ కొండలా పేరుకుంది. గాలి తగలని చోట తడి చెత్త కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది, అడుగు నుంచి నల్లటి నీరు కారుతుంది. ఆ నీళ్లు చేరి మల్కారం చెరువు పాడైంది. దమ్మాయిగూడ, జవహర్‌నగర్ వైపు ఉండేవాళ్లు కిటికీలు మూసుకుని బతకాల్సి వచ్చింది. తర్వాత ఆ కొండను కప్పేశారు. చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2020లో మొదలైంది. అవన్నీ అవసరమైన పనులే, కాదనను. కానీ నీళ్లోడుతున్న చెత్త సరిగ్గా మండదు. ముందు ఆ తడిని ఆవిరి చేయడానికే ఎంతో వేడి ఖర్చవుతుంది. మన ఊళ్లలో ఇళ్ల నుంచి వచ్చే చెత్తలో సగం దాకా తడిదే కాబట్టి, ఇంట్లో వేరు చేయకుండా ప్లాంటు మీద ప్లాంటు కట్టినా ఫలితం అంతంతమాత్రమే. 2023 మార్చి 2న కొచ్చి దగ్గర బ్రహ్మపురం చెత్త గుట్టకు నిప్పంటుకుంటే దాదాపు రెండు వారాలు ఆ నగరం పొగలో ఉండిపోయింది. బడులకు సెలవులిచ్చారు. బయటికెళ్లేటప్పుడు మాస్కు పెట్టుకోమన్నారు. అక్కడ కాలిందంతా వేల వంటిళ్లలోంచి వెళ్లిందే.

చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. 1996లో ఆల్మిత్రా పటేల్ అనే ఇంజినీరు సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. దాని ఫలితంగా 2000లో దేశమంతటికీ మున్సిపల్ చెత్త నిబంధనలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు ఇంకా ముందుకెళ్లి నివాసుల సంక్షేమ సంఘాలను పేరు పెట్టి చెప్పాయి. స్థానిక సంస్థతో కలిసి ఏడాదిలోగా ఇళ్ల దగ్గరే చెత్త వేరు చేయించాలి, వేరు చేసింది వేరుగానే బండెక్కేలా చూడాలి, వీలైనంత వరకు తడి చెత్తను ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలి అన్నాయి. 5,000 చదరపు మీటర్లు, అంటే సుమారు ఎకరంపావు దాటిన గేటెడ్ కమ్యూనిటీలకూ ఇదే బాధ్యత పెట్టాయి. ఇప్పుడు 2026 నిబంధనలు తడి, పొడితో పాటు ప్యాడ్లు, డైపర్లలాంటి శానిటరీ వ్యర్థాలను, మందులు, బల్బులు, పెయింటు డబ్బాల్లాంటి జాగ్రత్త పడాల్సిన వాటిని కూడా విడిగా ఇమ్మంటున్నాయి. అంటే నాలుగు రకాలు.

రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటును నిబంధనలు పెద్ద ఉత్పత్తిదారుగా లెక్కగడతాయి. ఈ మాట వినగానే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు గుర్తుకొస్తాయి. ఒకసారి మీ అపార్ట్‌మెంట్ లెక్క వేసి చూడండి. నలుగురున్న ఇంట్లో తడి చెత్తే రోజుకు కిలో దాకా వస్తుంది. పొడిది కలిపితే ఇంకా ఎక్కువ. వంద ఫ్లాట్లుంటే ఆ గీత దాటినట్టే. లిఫ్టుకు, జనరేటరుకు, రంగులకు బడ్జెట్ పెట్టే సంఘాలు దీనికి మాత్రం వాచ్‌మన్ చేతిలో ఒక డ్రమ్ము పెట్టి ఊరుకుంటాయి. మెయింటెనెన్స్ కడుతున్నాం కదా, ఇంకా మేం చేసేదేముంది అని నివాసులు అంటారు. డబ్బు కడితే డ్రమ్ము గేటు దాకా వెళ్తుంది. దాంట్లో ఏం పడాలో నిర్ణయించాల్సింది ఎవరింట్లో వాళ్లే.

హైదరాబాద్‌లో 2015లో ఇళ్ల ముందుకొచ్చి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు వచ్చినప్పుడు ఇంటింటికీ రెండేసి బుట్టలిచ్చారు, ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి. చాలా ఇళ్లలో ఆ బుట్టలు బియ్యానికి, నీళ్లకు వాడుకున్నారు. బుట్ట ఇవ్వడం ఒక్కరోజు పని, అలవాటు చేయడం నెలల తరబడి పక్కనుండి చేయాల్సిన పని. ఆ రెండోది ఎవరికీ అప్పగించలేదు. ఆ నెలల్లో ప్రతి కాలనీ సంఘం నుంచీ ఇద్దరు ముగ్గురు పొద్దున్నే బండి పక్కన నిలబడి ఉంటే కథ వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం. పక్కింటి పెద్దాయనో, పై ఫ్లోర్ పిన్నిగారో "ఈ కవరు ఆ బుట్టలో వెయ్యమ్మా" అంటే వింటారు. అదే మాట అధికారి చెబితే జరిమానా వేస్తాడనుకుంటారు.

చేసి చూపించిన ఊరు మన దగ్గరే ఉంది. 2000ల మొదట్లో సూర్యాపేట మున్సిపల్ కమిషనరుగా ఉన్న ఖాదర్ సాహెబ్ వీధుల్లో చెత్త కుండీలు తీయించేశారు. కుండీ ఉంటే దాని చుట్టూ చెత్త పడుతుంది కాబట్టి బండినే ఇంటి ముందుకు పంపించారు. తడి పొడి వేరు చేయించారు. తడి చెత్తను వానపాములతో ఎరువు చేయించారు. దుకాణాలవాళ్లు కూడా తమ ముందు బుట్ట పెట్టుకోవాల్సి వచ్చింది. లక్ష జనాభా ఉన్న ఒక మామూలు పట్టణం దేశంలో ఆదర్శంగా పేరు తెచ్చుకుంది. పెద్ద యంత్రాలేమీ లేవు, రోజూ వీధుల్లో తిరిగి మాట్లాడటమే. కానీ అది ఒక అధికారి పట్టుదల మీద నడిచింది. అధికారులకు బదిలీలుంటాయి, వీధి సంఘానికి ఉండవు. అందుకే ఇలాంటి పని సంఘం చేతిలో ఉండాలంటాను.

బండి నడిపే మనిషి గురించి కూడా చెప్పాలి. స్వచ్ఛ ఆటోలు తీసుకున్నవాళ్లలో చాలామంది అప్పు తీర్చుకుంటూ నడుపుతున్నవాళ్లే. ఒక్కో ఇల్లు వాళ్లకు నెలకు 50 రూపాయలివ్వాలన్నది మొదట్లో అనుకున్న మాట. ఆ డబ్బు, చెత్తలోంచి ఏరిన పొడి సరుకు అమ్మగా వచ్చింది, ఈ రెండే వాళ్ల బతుకుతెరువు. ఆ 50 రూపాయలకు నెలల తరబడి తిప్పించుకునే ఇళ్లున్నాయి. అదే ఇంటివాళ్లు ఒక్కరోజు బండి రాకపోతే వాట్సాప్ గ్రూపులో ఎంత గోల చేస్తారో మీరూ చూసే ఉంటారు. నాకిది చాలా బాధ కలిగించే విషయం. సంఘమే అందరి దగ్గరా వసూలు చేసి, ఒకటో తారీఖున జీతంలాగా ఆయన చేతిలో పెడితే ఎంత గౌరవంగా ఉంటుంది! వాడేసిన ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి ఎర్ర చుక్క పెట్టి ఇవ్వాలని పుణేలో చెత్త సేకరించే మహిళలే ప్రచారం చేశారు. చుక్క ఉంటే విప్పక్కర్లేదని వాళ్లకు తెలుస్తుంది. ఒక ఎర్ర పెన్ను ఖర్చుతో పోయే పని. ఆ మహిళలు 2008 నుంచి స్వచ్ఛ్ అనే సొంత సహకార సంఘం నడుపుకుంటూ ఇళ్ల దగ్గర చెత్త తీసుకుంటున్నారు. మన సంఘాలు కూడా రోజూ మన వీధిలో సంచి భుజాన వేసుకుని తిరిగేవాళ్లను గేటు దగ్గర తరిమేయకుండా, పొడి చెత్త వాళ్లకే పద్ధతిగా అప్పగించవచ్చు.

ఇంకో సంగతి. కాలనీ సంఘాల్లో సభ్యులు చాలాచోట్ల సొంత ఇళ్లవాళ్లే. అద్దెకుండేవాళ్లను, హాస్టళ్ల పిల్లలను మీటింగుకు పిలవరు. మలుపులో కవరు విసిరేది మాత్రం వాళ్లేనని అనేస్తారు. ఎందుకు విసురుతారో ఎవరైనా అడిగారా? బండి తొమ్మిదిన్నరకు వస్తుంది. ఎనిమిదింటికే డ్యూటీకి వెళ్లే కుర్రాడు ఆ కవరు ఎవరికివ్వాలి? అలాంటి చోట ముగ్గులు వేసి, మొక్కలు పెట్టి, దేవుడి బొమ్మలు అతికించి చూశారు. బండి టైము మార్చకపోతే కవరు ఇంకో మలుపులో పడుతుంది. గేటు దగ్గర మూతలున్న రెండు డ్రమ్ములు పెట్టి, పొద్దున్నే వెళ్లేవాళ్లు వాటిలో వేసేలా చూడొచ్చు. పక్కన బస్తీ ఉంటే వాళ్లకు సంఘమే ఉండకపోవచ్చు, సందు ఇరుకు కాబట్టి బండీ వెళ్లదు. కాలనీ అర్జీలో ఆ సందు పేరు కూడా చేర్చితే మనకు పోయేదేమీ లేదు. దోమకు కాలనీ అయినా ఒకటే, బస్తీ అయినా ఒకటే.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చెత్తకు నెలనెలా రుసుము పెడితే జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, గట్టిగా వ్యతిరేకించారు. 2024లో రద్దు చేశారు. పన్ను పోయినందుకు సంతోషించినవాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు, వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ విజయవాడలో, గుంటూరులో తడి చెత్త పన్నుతో పాటు రద్దు కాలేదు కదా. రుసుము ఉన్నా లేకపోయినా అది రోజూ పుడుతూనే ఉంటుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఇల్లిల్లూ మారడానికి టైము పడుతుంది, టెన్షన్ పడొద్దు. ఎవరి అనుమతీ, ఎవరి క్రమశిక్షణా అక్కర్లేని పని ఒకటుంది. మీ కాలనీలో రాలే ఆకులు.

శివరాత్రి నుంచి ఉగాది దాకా వేప, కానుగ చెట్లు ఆకులు రాలుస్తాయి. పొద్దున్నే ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీసేయడం మన కాలనీల్లో మామూలైపోయింది. చెత్త కాల్చకూడదని నిబంధనలు చెబుతున్నా కాలుస్తూనే ఉన్నారు. ఆ పొగ పక్క ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దావిడ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కాలిపోతున్నదేమో వంటింటి తడి చెత్తకు సరిగ్గా కావలసిన వస్తువు. ఒట్టి కూరగాయ తొక్కలు డబ్బాలో వేస్తే నీరూరి కంపు కొడతాయి, పురుగు పడుతుంది. ఒకసారి ఆ కంపు చూసిన అపార్ట్‌మెంట్ మళ్లీ ఎరువు జోలికి వెళ్లదు. పిడికెడు తొక్కలకు రెండు పిడికిళ్ల ఎండాకులు వేసి, వారానికి ఒకసారి తిరగేస్తే ఆ బాధ ఉండదు. ఆకులు తడిని పీల్చుకుంటాయి, మధ్యలో గాలి ఆడుతుంది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొన్ని ఆకులు వేయాలి. ఎరువులో వేయడానికి ఎండాకులు లేవని కొబ్బరిపొట్టు కొనుక్కుంటున్నవాళ్లున్నారు, పక్క వీధిలో ఆకులు తగలబడుతుంటే!

మన పల్లెల్లో కానుగ రొట్ట తెచ్చి పొలంలో తొక్కించేవాళ్లు. ఇంటి వెనుక పెంట గుంత లేని ఇల్లుండేది కాదు. కాబట్టి ఇది మనకు కొత్తగా నేర్పాల్సిన విద్యేమీ కాదు. పార్కులో ఒక మూల మూడడుగుల లోతు గుంత తీయండి. నేల తవ్వడం కుదరకపోతే ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి నిలబెట్టండి. ఆకులు వేస్తూ అప్పుడప్పుడూ కాస్త పేడ నీళ్లో, పుల్లటి మజ్జిగ కలిపిన నీళ్లో చల్లండి. ఆకులు చెమ్మగా ఉంటే చాలు, నానకూడదు. నిండిపోయిందనుకున్న గుంత రెండు మూడు వారాల్లో సగానికి దిగుతుంది. నాలుగు నెలలకు ఎరువు చేతికొస్తుంది. అప్పటికి ఎలాగూ వానలు పడతాయి, పార్కు మొక్కలకు వేసుకోవచ్చు. కొన్ని సంచుల ఎండాకులు విడిగా దాచిపెడితే, వంటింటి చెత్తతో ఎరువు చేద్దామనుకునే ఇళ్లకు ఏడాది పొడవునా సరిపోతాయి. మొదట ఐదారు ఇళ్లు ముందుకొచ్చినా చాలు.

గుంతకు చోటు ఎక్కడన్నది ఈ నెల మీటింగులోనే తేల్చేయండి, ఆకులు రాలడం మొదలయ్యాక ఊడ్చేవాళ్లకు చెప్పడం కష్టం. వాళ్లతో ముందే మాట్లాడండి, అదనపు పనికి అదనపు కూలీ ఎంతో కూడా అప్పుడే ఒప్పుకోండి.

నమస్కారం.