ఎండీవర్ దిగిపోయిన జాలర్లు

అందరికీ నమస్కారం. ఇందాక మనం తాగిన టీ దగ్గరే మొదలుపెడతాను. లిప్టన్ అన్నది ఒక మనిషి పేరు. సర్ థామస్ లిప్టన్ గ్లాస్గోలో కిరాణా కొట్టుతో మొదలై, సిలోన్‌లో తేయాకు తోటలు కొన్నాడు. ఆ సంపాదనతో షామ్‌రాక్ పేరు మీద ఒకదాని తర్వాత ఒకటి తెరచాప పడవలు కట్టించి, 1899 నుంచి 1930 దాకా ఐదుసార్లు అమెరికాస్ కప్‌కు, అంటే అప్పట్లో అమెరికా చేతిలో ఉన్న తెరచాప పడవల పందెం కప్‌కు, పోటీపడ్డాడు. ఐదుసార్లూ ఓడిపోయాడు.

ఆ చివరి పోటీ నుంచి వచ్చినవే జె-క్లాస్ పడవలు. పొడవు దాదాపు 130 అడుగులు, ఒకే ఒక్క తెరచాప స్తంభం, దాని ఎత్తు 160 అడుగుల పైమాటే. బ్రిటన్, అమెరికా కలిపి కట్టినవి పదే. వూల్‌వర్త్ దుకాణాల అధిపతి స్టీఫెన్సన్ తన కూతుళ్లు వెల్మా, షీలా, డాఫ్నీల పేర్లు కలిపి పడవకు ‘వెల్‌షెడా’ అని పెట్టుకున్నాడు. మన లారీల మీద పిల్లల పేర్లు రాయించుకోమూ? అదే ముచ్చట, ఖర్చే వేరు.

సరే, ఆ తెరచాపలు లాగేదెవరు? ఎసెక్స్ తీరంలోని టోల్స్‌బరీ, బ్రైట్లింగ్‌సీ లాంటి ఊళ్ల జాలర్లు. చలికాలమంతా వలలు, ఆయిస్టర్లు (తినే ఆల్చిప్పలు). వేసవి వస్తే దొరల పడవల మీద జీతం, రొమ్ము మీద పడవ పేరు అల్లిన జెర్సీ. మన శ్రీకాకుళం తీరంలో తండేలు అంటామే, అలాంటి అనుభవజ్ఞుడు పడవకు కెప్టెన్. చుక్కాని మాత్రం చాలాసార్లు యజమాని పట్టుకునేవాడు. ఫొటో కూడా ఆయనదే.

1934లో బ్రిటన్ విమానాల తయారీదారు సోప్‌విత్ అదే కప్ కోసం ‘ఎండీవర్’తో అమెరికాకు సవాలు విసిరాడు. గాలి దిశ, వేగం చూపించే పరికరాలు కూడా అమర్చుకున్న పడవ అది. తీరా బయలుదేరే ముందు జాలర్లు జీతం పెంచమన్నారు. పోటీ సెప్టెంబరులో, సముద్రానికి ఆవలి ఒడ్డున. ఇంగ్లండ్‌లో ఆయిస్టర్ల కాలం మొదలయ్యేదీ ఆ నెలలోనే. నన్నడిగితే ఆ కోరిక గొంతెమ్మ కోరిక కాదు. సోప్‌విత్ కాదన్నాడు. చాలామంది దిగిపోయారు. వాళ్ల చోట్లోకి జీతం తీసుకోని పడవల క్లబ్బు కుర్రాళ్లు వచ్చారు. ఉత్సాహానికి లోటు లేదు కానీ, అంత పెద్ద పడవ మీద చేయి తిరిగినవాళ్లు కారు.

అమెరికాలోని న్యూపోర్ట్ దగ్గర మొదటి రెండు పందాలూ ఎండీవర్‌వే! మూడోదాంట్లోనూ ఆరు నిమిషాలకు పైగా ముందుంది. అవతలి పడవ ‘రెయిన్‌బో’ యజమాని వాండర్‌బిల్ట్ ఆశ వదులుకుని, చుక్కాని షెర్మన్ హోయ్ట్ చేతికిచ్చి కిందికి వెళ్లిపోయాడు. సోప్‌విత్ స్వభావం హోయ్ట్‌కు తెలుసు: ప్రత్యర్థి ఎటు పోతే అటు వచ్చి అడ్డుపడతాడు. అందుకని కావాలనే ఉండాల్సిన దారికన్నా పైకి, అంటే గాలి వచ్చే వైపుకు, నడిపాడు. సోప్‌విత్ నేరుగా గమ్యానికి పోకుండా పడవను మళ్లించాడు, గాలి లేనిచోట చిక్కుకున్నాడు. పందెం పోయింది. నాలుగో పందెంలో ఫిర్యాదు చేశాడు గానీ, ఫిర్యాదు జెండా వెంటనే ఎగరేయలేదని కమిటీ విననే లేదు. చివరికి 4-2తో కప్ అమెరికాలోనే ఉండిపోయింది.

జాలర్లు ఉంటే గెలిచేవాడేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. తెరచాపలు మార్చడంలో పోయిన సెకన్ల విషయంలో ఒప్పుకుంటాను. కానీ మూడో పందెంలో తప్పుదారి పట్టింది తాళ్లు లాగిన చేతులు కాదు, చుక్కాని పట్టిన చేయి. కుర్రాళ్ల మీద ఆ నింద వేయడం నాకు నచ్చదు.

1937లో ‘ఎండీవర్ II’తో మళ్లీ వచ్చి సోప్‌విత్ 4-0తో ఓడాడు. తర్వాత యుద్ధం వచ్చింది. మళ్లీ కప్ పోటీ జరిగింది 1958లోనే, అదీ చిన్న పడవలతో. ముప్ఫై మంది అవసరమైన చోట పదకొండు మంది సరిపోయారు. టోల్స్‌బరీకి కబురు పంపాల్సిన పని ఎవరికీ పడలేదు.